అర్థం కాలేదండి

మా అరుగు మీద బడి వెలిసింది సరస్వతీదేవి మీద భక్తితో కాదు, కొత్తపల్లి కొబ్బరి మామిడిచెట్టు మీద బెంగతో. ఆ బెంగ కూడా నాది కాదు, మా అత్తగారు భూలక్ష్మిగారిది.

కొత్తపేటకి అవతల కాలవగట్టున మా ఇల్లు. చుట్టూ కొబ్బరితోట, పెరటి గోడ పక్కన ఆ మామిడిచెట్టు. కాయ కొరికితే పళ్ళు పులియవు, కొబ్బరిముక్క నమిలినట్టే ఉంటుంది. మావయ్యగారు పోయాక అత్తగారు ఇంటి పెద్దరికంతోపాటు ఆ చెట్టు కాపలా కూడా నెత్తికెత్తుకున్నారు. చెట్టుని చూసుకున్నట్టు మమ్మల్ని చూసుకుంటే ఈపాటికి మేమూ కాపుకొచ్చేవాళ్ళమని మా ఆయన రాజేంద్రప్రసాద్ అనేవారు, ఆవిడకి వినపడకుండా.

ఎండాకాలం సెలవులిచ్చారంటే మా తోటలో పనికొచ్చేవాళ్ళ పిల్లలు కూడా వెంట వచ్చేసేవారు. తండ్రులు చెట్లెక్కి దింపు తీస్తారు. తల్లులు కాయలు మోసి రాశి పోస్తారు, ఖాళీ దొరికితే మట్టల దగ్గర కూర్చుని ఈనెలు చీరి చీపుళ్ళు కట్టుకుంటారు. పిల్లలకేం పని? మామిడిచెట్టు మీద రాళ్ళు వెయ్యడం. ఆ ఏడు ఒక రాయి గురితప్పి, ఎండలో ఆరబెట్టిన ఆవకాయ జాడీని రెండు చెక్కలు చేసింది. ఖాళీ జాడీ గనక సరిపోయింది. నిండు జాడీ అయితే ఊళ్ళోకి పోలీసులు దిగి ఉండేవారు.

"అమ్మాయ్ రేవతీ, పెళ్ళికి ముందు అమలాపురంలో టీచరుద్యోగం వెలగబెట్టేవు కదా. ఈ కోతిమూకని అరుగు మీద కూలేసి ఏదోటి చెప్పు. కాయలు దింపేదాకా చాలు," అన్నారు అత్తగారు.

"ఆయ్, అలాగేనండి అత్తయ్యగారూ," అన్నాను.

ఆ ఇంటికి కోడలిగా వచ్చాక నేను మాట్లాడిన మాటల్లో సగం అదే. మా గోదావరి వాళ్ళకి ఆయ్ అనేది ఊపిరితో పాటు వస్తుంది. పెద్దవాళ్ళు మాట్లాడుతుంటే మధ్యమధ్యలో వేస్తూ ఉండాలి. వేసినంత మాత్రాన ఒప్పుకున్నట్టు కాదు, విన్నట్టు. ఒక్కోసారి విన్నట్టు కూడా కాదు, ఎదురుగా మర్యాదగా నిలబడ్డట్టు.

అలా మొదలైంది మా బడి. పొద్దున్న ఎండెక్కేదాకా అరుగు నిండా పిల్లలు. అందరిలోకీ చిన్నవాడి పేరు తాతాజీ. వాడికి ఆరేళ్ళు, ముందు పళ్ళు రెండూ ఊడిపోయి నిజంగానే తాతలా ఉండేవాడు. కొంచెం పెద్దవాడు ప్రవీణ్ కుమార్, చర్చి పక్కన ఉండే సీమోనుగారి మనవడు, పాటలు బాగా పాడతాడు, ఎక్కాలంటే పారిపోతాడు. వీళ్ళందరి మీదా అజమాయిషీ దుర్గది. మా తోటలో దింపు తీసే అబ్బులు కూతురు. ఐదో తరగతి అయిపోయింది. బడి తెరిస్తే ఊరవతల హైస్కూల్లో ఆరులో చేరాలి.

చేరాలంటే చేరుతుంది గానీ, చదవడం రాదు. కరోనాకి బడులు మూసినప్పుడు చిన్న తరగతిలో ఉన్న పిల్లలు, తెరిచేసరికి పై తరగతుల్లో తేలారు. మధ్యలో తరగతులు కాలవలో కొట్టుకుపోయాయి. దుర్గ పుస్తకం పట్టుకుంటే అక్షరాలన్నీ గుర్తుపట్టేది, వాటిని కలిపేసరికి చెమటలు పట్టేవి. అయినా ముఖంలో ఏమీ కనపడనిచ్చేది కాదు. నూనె రాసి బిగించి వేసిన జడ, శుభ్రంగా ఉతికిన గౌను, ఏం చెప్పినా వినయంగా ఆయ్.

తీసివేతలు మొదలుపెట్టాను. యాభై రెండులోంచి ఇరవై ఎనిమిది తియ్యాలి. రెండులోంచి ఎనిమిది పోదు గనక పక్క అంకె దగ్గర పది తెచ్చుకోవాలి. నేను అమలాపురంలో చెప్పినట్టే ఓపిగ్గా చెప్పాను.

"అర్థమైందా?"

"ఆయ్," అంది అరుగంతా ఒక్క గొంతుతో.

రోజూ అదే పాఠం, రోజూ అదే ఆయ్. నా బోధనకి నేనే మురిసిపోయాను. చివరికి ఒకరోజు దుర్గని పిలిచి బోర్డు మీద లెక్క చెయ్యమంటే, ముప్పై ఆరు అని వేసింది. ఎనిమిదిలోంచే రెండు తీసేసింది.

"అదేంటే, అర్థమైందన్నావు కదా?"

"ఆయ్ అండి."

"అర్థమైతే ఇలా ఎందుకొస్తుంది? కాకపోతే కాలేదని చెప్పొచ్చు కదా?"

దుర్గ నావైపు చూసింది. ఇంత చదువుకున్న మనిషికి ఇంత చిన్న సంగతి తెలీదా అన్నట్టుంది ఆ చూపు.

"మీరు అంత గొంతు నొప్పెట్టేలా చెప్తుంటే కాలేదని ఎలాగంటామండి? బాగోదు కదండి," అంది.

నాకు నవ్వు, ఏడుపు కలిసి వచ్చాయి. బళ్ళో మాస్టారి దగ్గరా ఇదే మర్యాద. ఇన్నేళ్ళూ ఈ పిల్లలు మర్యాద కొద్దీ చదువు పోగొట్టుకున్నారు. మర్నాడు అరుగు మీద కొత్త రూలు పెట్టాను. పాఠంలో ఎవరైతే ముందు నిలబడి అర్థం కాలేదండి అంటారో, వాళ్ళకి ఉప్పూకారం అద్దిన మామిడిముక్క. రాలిన కాయలే సుమా. అత్తగారి చెట్టు కాయ కోసే ధైర్యం నాకు లేదు.

మొదట్లో ఒక్కరూ నోరు విప్పలేదు. తర్వాత తాతాజీ లేచి, నేనింకా పాఠం మొదలుపెట్టకముందే, "అర్థం కాలేదండి," అని చెయ్యి చాపాడు. వాడికి ముక్క ఇవ్వక తప్పలేదు. దాంతో అరుగు మీద ఒకటే గోల. ఆ గోల సద్దుమణిగాక దుర్గ మెల్లిగా లేచింది.

"పక్కంకె దగ్గర పది తెచ్చుకుంటాం కదండి. అది మళ్ళీ ఎప్పుడిస్తామండి?"

నాకు ఆ లెక్క నేర్పిన టీచరుని నేనెప్పుడూ అడగని ప్రశ్న అది. జవాబు కోసం చుట్టూ చూస్తే, దుర్గ తల్లి నూకరత్నం చీరి పెట్టిన ఈనెలు కనపడ్డాయి. పదేసి ఈనెలు కట్టలు కట్టించాను. అయిదు కట్టలు, రెండు విడి ఈనెలు. ఇందులోంచి ఎనిమిది విడి ఈనెలు తియ్యమన్నాను. దుర్గ కాసేపు చూసి, ఒక కట్ట ముడి విప్పేసింది.

"తేవడం కాదండి ఇది. మనదే, విప్పుకున్నాం," అంది. ఆ పిల్ల ముఖం నిండా అలాంటి వెలుగు నేను మొదటిసారి చూశాను. నాకు ఉద్యోగం మానేసిన బాధ ఎక్కడో ఉండేది, అది ఆ పూట కొంత తీరింది.

అక్కణ్ణుంచి ప్రశ్నలు అరుగు దిగి ఊరి మీద పడ్డాయి. ప్రవీణ్ కుమార్ వాళ్ళ తాతయ్యని ఏమడిగాడో ఏమో, సీమోనుగారు ఒకరోజు మా గుమ్మం దగ్గర ఆగి, "పిల్లోడు మాట్లాడనివ్వట్లేదమ్మా, అంతా విడమర్చి చెప్పమంటున్నాడు," అని నవ్వుకుంటూ పోయారు. అత్తగారు మాత్రం నవ్వలేదు.

"పెద్దవాళ్ళు చెప్తే ఊఁ కొట్టాలి గానీ, ఈ ఎదురడగడం ఏంటి? చదువు చెప్పమన్నాను గానీ వకీళ్ళని తయారుచెయ్యమన్నానా?" అన్నారు.

"ఆయ్," అన్నాను.

అలా అన్న మనిషే ఒకరోజు పేపరు పట్టుకుని అరుగు మీదకి వచ్చారు. ఆవిడ కళ్ళలో పొరలు కమ్మి అప్పటికే చాలాకాలమైంది. ఆపరేషనంటే భయం. పెద్దక్షరాలు మాత్రం చదివి, కిందది ఊహించుకునేవారు.

"ఏయ్ దుర్గా, ఇది చదువు."

దుర్గ కూడబలుక్కుంది. "రా...వు...ల...పా...లెం... ద...గ్గ...ర... ప్ర...మా..."

"ప్రమాదం. ఎవరికే?"

"ఆ మాట ఇంకా రాలేదండి."

"వచ్చేలోపు వాడు పోతాడు, తొందరగా చదువు."

పిల్లలు పకపకా నవ్వారు. అత్తగారు కూడా నవ్వాపుకోలేకపోయారు. ఆ రోజు నుంచి అది అలవాటైపోయింది. నేను బడి మొదలుపెట్టకముందే దుర్గ వచ్చి పేపరు చదవాలి. ప్రమాదాలు, దొంగతనాలు, పెళ్ళిళ్ళు, చివరికి అరటిగెలల ధరలు కూడా. మొదట అరుగు మెట్టు మీద కూర్చుని చదివేది. తర్వాత, ఎండ మొహాన పడుతోందని అత్తగారే లోపలికి పిలిచి ఫ్యాను కింద పీట వేయించారు. అబ్బులు అప్పటిదాకా మా హాలు గడప దాటి ఎరగడు. గుమ్మంలో నిలబడి, లోపల కూర్చుని చదువుతున్న కూతురిని చూసి, భుజం మీద తువ్వాలు తీసి చేత్తో పట్టుకున్నాడు.

మామిడికాయలు దింపేశాం. ఆవకాయ పెట్టేశాం. బడి మాత్రం ఎవరూ ఆపమనలేదు.

మే చివర్లో మా ఆడపడుచు పద్మావతి హైదరాబాదు నుంచి చంటిపిల్లని తీసుకుని వచ్చింది. పురిటి సెలవు అయిపోయింది, మళ్ళీ ఆఫీసులో చేరాలి. పిల్లని చూసుకోవడానికి మనిషి దొరకడం లేదు, దొరికినవాళ్ళు నిలవడం లేదు. వచ్చిన రోజునే ఆ చంటిది దుర్గ చంకెక్కి దిగనంది. దుర్గ పేపరు చదువుతుంటే ఒళ్ళో కూర్చుని కాగితం లాగేది.

ఇది చూసి అత్తగారికి ఆలోచన వచ్చింది. ఆవిడ మనసులో చెడ్డ ఉద్దేశం లేదు, అది నేను ఒట్టేసి చెప్పగలను. తనకి ఎవరైనా నచ్చితే వాళ్ళని తనవాళ్ళకి ఇచ్చుకోవాలనుకునే స్వభావం ఆవిడది, ఆవకాయ జాడీ ఇచ్చినట్టు.

అబ్బుల్ని పిలిపించారు. వాడు గుమ్మంలో నిలబడ్డాడు.

"మీ దుర్గని పద్మ దగ్గరికి పంపు. అక్కడ మంచి తిండి, మంచి బట్ట, ఇంట్లో మనిషిలా చూసుకుంటుంది. చదివిస్తుంది కూడాను. ఏమంటావు?"

అబ్బులు నేలకేసి చూశాడు. మా తోటలో వాడి తండ్రి పనిచేశాడు, వాడు చేస్తున్నాడు. అత్తగారి మాట కాదనడం ఆ వంశంలో ఎవరికీ తెలీదు.

"ఆయ్," అన్నాడు.

"నువ్వేమంటావమ్మాయ్?" అని నావైపు తిరిగారు అత్తగారు.

నా లోపల ఎన్ని మాటలు లేచాయో చెప్పలేను. ఈ పిల్ల ఇప్పుడిప్పుడే చదవడం మొదలెట్టింది, అక్కడికెళ్తే పుస్తకం మూలపడుతుంది, చంటిపిల్ల పెద్దదయ్యేసరికి దీని చదువు వయసు దాటిపోతుంది. ఇవన్నీ గొంతు దాకా వచ్చాయి. గొంతు దాటి వచ్చింది మాత్రం ఒక్కటే.

"ఆయ్ అత్తయ్యగారూ."

ఆ సాయంత్రం తోటలోకి వెళ్ళాను. నూకరత్నం మట్టల దగ్గర కూర్చుని ఈనెలు చీరుతోంది. పక్కన కూర్చున్నాను.

"నూకరత్నం, పిల్లని పంపడం నీకిష్టమేనా?"

"ఆయ్ అండి," అంది. చేతిలో ఈనె పుటుక్కున విరిగింది. ఇంకోటి తీసుకుంది, అదీ విరిగింది. "అమ్మగారు కొత్త గౌను కుట్టించమన్నారండి. గులాబీ రంగు తీసుకొచ్చేను," అంది తలెత్తకుండా.

మా ఆయన రావులపాలెం అరటి మార్కెట్ నుంచి వచ్చాక చెప్పాను. ఆయన అన్నం కలుపుకుంటూ, "అమ్మ మాటకి అడ్డం చెప్పిందెవరు మనింట్లో? నాన్నే చెప్పలేదు," అన్నారు. ఇంటి సంగతుల్లో ఆయన ఎప్పుడూ గట్టు మీది మనిషే, కాలు తడవనివ్వరు.

తెల్లారి అరుగు మీద దుర్గ ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. నేనే ఉండబట్టలేక, "దుర్గా, ఏదైనా అర్థం కాలేదా?" అన్నాను.

"అంతా అర్థమైందండి," అంది. పాత గొంతు, పాత వినయం.

అప్పుడు తాతాజీ లేచాడు. ముందురోజు ఇంట్లో ఏదో అడిగి వీపు మీద దెబ్బ తిన్నాడట, ఆ బాధ వాడిది.

"టీచరుగారండి, మన రూలు అరుగు మీదేనాండి, ఇంకెక్కడైనా కూడానాండి?"

హాల్లో అత్తగారు మనవరాలికి ఉయ్యాల ఊపుతున్నారు, కిర్రుకిర్రుమని చప్పుడు వినపడుతూనే ఉంది.

"ఎక్కడైనా," అన్నాను. "మర్యాదగా అడగాలి. అంతే."

దుర్గ తలెత్తి నన్ను చూసింది. నేను బోర్డు వైపు తిరిగిపోయాను.

ప్రయాణం రోజు పొద్దున్నే కారు గుమ్మంలోకి వచ్చింది. కొబ్బరికాయల బస్తా, ఆవకాయ జాడీలు, బొబ్బట్లు ఎక్కించారు. పద్మ చంటిదాన్ని భుజాన వేసుకుని ఫోన్ చూసుకుంటోంది. అత్తగారు కుర్చీలో కాఫీ తాగుతున్నారు. ఆవేళ పేపరు ఇంకా ఎవరూ విప్పలేదు, బల్ల మీద చుట్ట చుట్టినట్టే ఉంది.

అబ్బులు కూతురిని తీసుకొచ్చాడు. గులాబీ గౌను, జడకి రిబ్బను. వాడి చేతిలో సంచి. నూకరత్నం గేటు దగ్గరే ఆగిపోయింది.

"పిల్లని దిగబెట్టడానికొచ్చేనండి," అన్నాడు అబ్బులు.

"మంచిది. వెళ్ళి కారెక్కవే," అన్నారు అత్తగారు.

దుర్గ కదల్లేదు. అరుగు మీద పాఠం అడగడానికి నిలబడినట్టే చేతులు కట్టుకుని నిలబడింది.

"అమ్మగారండి, నాకు అర్థం కాలేదండి."

"ఏంటే అర్థం కానిది?"

"అక్కడ నా బడి పొద్దుటాండి, సాయంత్రమాండి?"

"ఏయ్, ఊరుకో," అన్నాడు అబ్బులు చిన్నగా.

"ఇంట్లోనే చదువుకుంటావు. పద్మ చెప్తుంది," అన్నారు అత్తగారు.

"పద్మమ్మగారు ఆఫీసుకెళ్తారు కదండి. వచ్చేసరికి చీకటి పడిపోతుందన్నారండి. అప్పుడు చెప్తారాండి?"

పద్మ ఫోన్ లోంచి తలెత్తింది. "ఆదివారాలు చెప్తాలే," అంది.

"ఆయ్ అండి. ఆదివారాలు చదివితే ఆరో తరగతి పాసు చేస్తారాండి? అది అర్థం కాలేదండి."

ఆ గొంతులో పొగరు లేదు, ఏడుపు లేదు. తీసివేత లెక్కలో పది ఎప్పుడు తిరిగిస్తామని అడిగిన గొంతే అది. అబ్బులు చెయ్యి పైకి లేచింది. కూతురి భుజం పట్టుకుని వెనక్కి లాగుతాడనుకున్నాను. లేచిన చెయ్యి సగంలో ఆగిపోయింది. వాడు కూడా అత్తగారి వైపే చూస్తున్నాడు, జవాబు కోసం.

అంతవరకూ నేను ద్వారబంధం పట్టుకుని నిలబడ్డాను. పదకొండేళ్ళ పిల్ల ఒక్కతే నిలబడి అడుగుతుంటే, నేర్పినదాన్ని నేను తలుపు చాటున ఉన్నాను. సిగ్గేసింది.

"నాకూ అర్థం కాలేదండి అత్తయ్యగారూ," అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినపడింది. "బడి తెరిచాక దీని పేరు ఏ బళ్ళో పిలుస్తారండి?"

అత్తగారు నావైపు తిరిగారు. ఆ కళ్ళకి నేనెంత కనపడ్డానో తెలీదు. "నువ్వూనా?" అన్నారు. కోపంగా అనలేదు. అదే నాకు ఎక్కువ భయమేసింది.

"ఇంకొక్కటేనండి," అంది దుర్గ. "రేపటి నుంచి మీకు పేపరు ఎవరు చదువుతారండి?"

చంటిది పద్మ భుజం మీంచి దుర్గ వైపు చేతులు చాపి ఏదో అంటోంది. అత్తగారు కాఫీ గ్లాసు చేత్తో తిప్పుతూ కూర్చున్నారు. బల్ల మీద పేపరు వైపు ఒకసారి చూశారు. గ్లాసు కింద పెట్టి, మోకాళ్ళ మీద చేతులు ఆనించి లేచారు.

"పద్మా, కారు ఓ గంట ఆపమ్మా."

"ఎందుకమ్మా?"

"చీరలు సర్దుకోవద్దూ? నా మనవరాలిని ఎత్తుకోడానికి నాకు చేతుల్లేవా ఏంటి?"

అత్తగారు అబ్బులు వైపు తిరిగారు. "ఆ సంచి ఇంటికి పట్టుకెళ్ళు. తోటంతా మట్టలు పడి ఉన్నాయి, ఎప్పుడు ఎత్తిస్తావు?"

"ఆయ్, ఇప్పుడేనండి, ఇప్పుడేనండి," అన్నాడు వాడు. తువ్వాలుతో ముఖం తుడుచుకుంటూ వెనక్కి తిరిగాడు. గేటు దగ్గర నూకరత్నం కొంగు నోట్లో కుక్కుకుని కూలబడిపోయింది.

"నువ్వలా నిలబడకు," అన్నారు అత్తగారు దుర్గతో, లోపలికి వెళ్తూ. "పేపరు విప్పు. గట్టిగా చదువు, బీరువా దగ్గరికి వినపడాలి."

దుర్గ పీట మీద కూర్చుని చదివింది. ఒక్క మాట కూడా కూడబలుక్కోలేదు. నేను లోపల ఆవిడ చీరలు మడతపెడుతూ, కళ్ళనీళ్ళు వాటి మీద పడకుండా పక్కకి తిరిగి తుడుచుకున్నాను. ఆవిడ చూశారో లేదో తెలీదు. బీరువా తాళాలు తీసి నా చేతిలో పెట్టి, "చెట్టు జాగ్రత్త," అన్నారు. అంతే.

దసరా దాకా ఆవిడ హైదరాబాదులోనే ఉన్నారు. పెళ్ళయ్యాక ఆవిడ ఇల్లు వదిలి అన్నాళ్ళు ఉండటం అదే మొదటిసారి. నీళ్ళు బాగోలేదని, పాలు పల్చగా ఉన్నాయని, లిఫ్టులో కళ్ళు తిరుగుతున్నాయని రోజూ ఫోను. మాటలన్నీ అయ్యాక, "దాన్నోసారి పిలువు," అనేవారు. దుర్గ హైస్కూలుకి సైకిలెక్కబోతూ ఆగి, ఫోన్లో పేపరు చదివి వినిపించి వెళ్ళేది. అరుగు మీద బడి నడుస్తూనే ఉంది. మా ఆయన రావులపాలెం నుంచి రెండు కొత్త బోర్డులు తెచ్చి, ఎందుకు తెచ్చారో చెప్పకుండా అరుగు గోడకి బిగించారు.

తిరిగొచ్చాక అత్తగారు కళ్ళ ఆపరేషనుకి ఒప్పుకున్నారు. అమలాపురంలో డాక్టరుగారు ఏవేవో చెప్పి, "సరేనా అమ్మా?" అన్నారు. నేను అలవాటు కొద్దీ ఆయ్ అనబోయాను. అత్తగారు చెయ్యి అడ్డుపెట్టారు.

"అర్థం కాలేదండి డాక్టరుగారూ," అన్నారు. "మళ్ళీ చెప్పండి. మెల్లిగా చెప్పండి."

బెంచీ మీద నా పక్కన కూర్చున్న దుర్గ, రెండు చేతులతో నోరు మూసుకుంది.

ఇప్పుడు దుర్గ తొమ్మిదో తరగతి. ఎక్కాలు రాని తాతాజీ లాంటి వాళ్ళని అరుగు మీద ఓ మూల తనే కూర్చోబెట్టుకుంటుంది. వేసవి వస్తే మామిడిముక్కల వాసన తగలగానే నాకు ఆ ఏడాదే గుర్తొస్తుంది. ఆ తర్వాతా వేసవులు వచ్చాయి, పోయాయి. అరుగు నిండా పిల్లలు, తోటలో మట్టలు రాలే చప్పుడు, లోపల ఉయ్యాల కిర్రుమనడం, ఇవన్నీ ఒక్కచోట ఉన్న వేసవి మాత్రం మళ్ళీ రాలేదు.

మొన్న ఆదివారం అత్తగారు కుర్చీలో కూర్చుని, "అదిగో, చిటారుకొమ్మన ఉడత కాయ కొరుకుతోంది, అదిలించండ్రా," అని కేకేశారు. నేను చెయ్యి అడ్డుపెట్టుకుని ఎంత చూసినా నాకు కొమ్మే సరిగ్గా కనపడలేదు. అంతలో దుర్గ వచ్చింది. ఆవిడ చటుక్కున పేపరు మడిచి ఆ పిల్ల చేతికిచ్చారు.

"కళ్ళకి ఆనట్లేదే. చదువు."

దుర్గ నావైపు ఓరగా చూసి, పీట లాక్కుని చదివింది. ప్రమాదాలు, దొంగతనాలు, పెళ్ళిళ్ళు, అరటిగెలల ధరలు. చివరి పేజీ దాకా గడగడా చదివేసి లేవబోయింది.

"ఏమోనే, అర్థం కాలేదు," అన్నారు అత్తగారు, చెట్టు వైపు చూస్తూ. "మళ్ళీ మొదట్నుంచి చదువు."

"ఆయ్ అండి," అని దుర్గ మళ్ళీ పీట మీద కూర్చుంది.